ఎవరూ పడుకోని తొట్టె

కార్టన్ ఉండవలసిన చోట కార్టన్ వచ్చింది, కాబట్టి ఫైలును తిప్పి పంపుతున్నాం, అని రాసింది అవతల మందులు కొనే కంపెనీ సర్వరు. విమల ఆ వాక్యాన్ని చదివింది, మళ్ళీ చదివింది, పోయిపోయి దీంతో ఏం వాదిస్తాం అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలింది. వంకాయలడిగితే నువ్వు వంకాయలే ఇచ్చావు, కనుక బేరం చెల్లదు అన్నాడట వెనకటికొకడు. మామూలు రోజుల్లో అయితే ఈ ముక్కను పక్క బల్ల మీది రాహుల్‌కి చదివి వినిపించి ఇద్దరూ కాసేపు నవ్వుకునేవాళ్ళు. ఇవాళ నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకేముందు డాక్టరు మత్తుసూది వేస్తే పెదవి మనది కానట్టు వేలాడుతుందే, అలాంటిదేదో రెండు నెలలుగా ఆమెకు ఒంటినిండా ఉంది. అద్దం అవతల ప్యాకింగ్ హాల్లో నీలం టోపీల ఆడవాళ్ళు అట్టపెట్టెలకు టేపు వేస్తున్నారు. రోడ్డవతలి ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం పూట వచ్చే ఘాటు వాసన అప్పుడే మొదలైంది. పటాన్‌చెరులో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు దానికి ముక్కు మూసుకుంటారు, పాతవాళ్ళు దాన్ని బట్టి టైము చెబుతారు. అంటే సంగారెడ్డిలో నర్సన్న ట్రాలీ ఆటో గంజ్‌లో పప్పుల మూటలు దించేసి విమల వాళ్ళింటికి వచ్చే వేళవుతోంది. రాగానే ఉయ్యాల తొట్టె దాని మీదికి ఎక్కిస్తారు.

తొట్టె సంగతి పొద్దున్నే తేలిపోయింది, ఇంక దాని గురించి ఆలోచించడానికి ఏమీ లేదు. కంపెనీ బస్సు కంది ఊరు దాటుతుండగా భర్త కాశీనాథ్ ఫోన్ చేశాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఉప్మా తిన్నంతసేపు నోరు మెదపని మనిషి, ఆమె బస్సెక్కాక ఫోన్ చేశాడు. పప్పుల వ్యాపారంలో వచ్చిన అలవాటది, గట్టి మాట చెప్పవలసి వస్తే ఎదుటి మనిషి ముఖం చూడడు. "విమలా, రేపు త్రివేణి కొడుకుకు ఇరవై ఒకటి గద," అన్నాడు. "తల్లిగారింటి నుంచి తొట్టెల పోవాలె. అమ్మ ఏమంటుందంటే, ఇంట్ల ఒకటి ఉండనే ఉండె గద అని. నువ్వు ఒద్దంటె చెప్పు, కొత్తది కొనుక్కొస్త." విమల కిటికీలోంచి చూస్తోంది. పెద్ద కాలేజీ గోడ పొడుగునా పోతూనే ఉంది, గోడకు ఇవతల ఎవరో మక్కచేలో మందు కొడుతున్నారు. "పంపుండ్రి," అంది. "నిజంగనేనా?" అన్నాడు. "పంపుండ్రి, కొత్తదెందుకు, ఎండలవడి తిరుగుడు," అంది. అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పక్క సీటామె జడ సరిచేసుకుంటూ ఎవరింట్లో ఫంక్షన్ అని అడిగింది. మా ఆడబిడ్డ కొడుకుకు పేరు పెడుతున్నారు అని చెప్పింది విమల.

డిస్పాచ్ జైపాల్ తలుపు తోసుకుని సగం లోపలికి వచ్చాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు, ఎన్నిసార్లు తొందర చేసినా తొందర పెట్టినట్టు ఉండడు. "మేడం, బండి గేటుకాడ నిలవడ్డది. డ్రైవర్ బిహారాయన, బొంబాయికి పోయేదెప్పుడని ఒకటే లొల్లి." "వస్తది జైపాలన్నా, జెరసేపు." జెరసేపు అంటే ఎంతసేపో అడగబోయి, ఆమె ముఖం చూసి, సరే అని తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు. పనిలోకి తిరిగొచ్చినప్పటి నుంచీ అందరూ ఇంతే, ముఖం చూస్తారు, తలుపు మెల్లగా మూస్తారు. తెలియని ఒక్క మనిషి క్యాంటీన్లో వడ్డించే ఆమె. మొదటిరోజు పప్పు పోస్తూ పాపనా బాబా అని అడిగింది. పాప అని చెప్పింది విమల. లక్ష్మి పుట్టింది, మంచిగయింది అంది ఆమె. ఎవరి దగ్గరుంది అని అడిగింది. అత్తమ్మ దగ్గర అని చెప్పింది. ఏం పేరు అంటే, ఇంకా పెట్టలేదు అంది. ఆ తర్వాత అన్నం ముద్ద కలుపుకుని, పప్పులో ఉప్పు తక్కువైందని గమనించి, తినేసింది. అబద్ధం ఆడానన్న సిగ్గు కూడా కలగలేదు. సిగ్గు కలిగితే బాగుండేదని మాత్రం అనిపించింది.

ఫైలు సంగతి చెప్పాలంటే పెద్ద రామాయణమేం కాదు. మందులు సముద్రం దాటేముందు ఏ పెట్టెలో ఏ డబ్బాలున్నాయో, వాటి మీది నంబర్లేమిటో కొనేవాళ్ళకు ముందే తెలియాలి. ప్యాకింగ్ యంత్రం ఆ వివరాలను తన పద్ధతిలో ఎక్స్ఎంఎల్ ఫైలుగా కక్కుతుంది. కొనేవాళ్ళకు అవే వివరాలు వాళ్ళ పద్ధతిలో కావాలి. నడుమ విమల రాసిన స్టైల్‌షీట్ ఉంది, ఎక్స్ఎస్ఎల్‌టి, ఒకరి మాట ఇంకొకరికి మార్చి చెప్పే దుబాసీ. అయితే యంత్రానికి కార్టన్ అంటే చిన్న డబ్బా, కొనేవాళ్ళకు కార్టన్ అంటే పెద్ద అట్టపెట్టె. మాట ఒకటే, ఇళ్ళు వేరు. సంగారెడ్డి గంజ్‌లో కాశీనాథ్‌లు చాలామంది. పప్పుల కాశీనాథ్ అంటే విమల భర్త, సిమెంటు కాశీనాథ్ అంటే బస్టాండు వెనక దుకాణం ఆయన, చీటీల కాశీనాథ్ అన్న మాట మాత్రం ఎవరూ ఆయన వినేలా అనరు. ఫైల్లో కూడా అంతే, ఏ మాట ఎవరిదో చెప్పే ఇంటిపేరు ఒకటి ఉండాలి. దాన్నే నేమ్‌స్పేస్ అంటారు. అది సరిగ్గా లేకపోతే కార్టన్ అడిగిన చోటికి కార్టనే వచ్చినా, మీ కార్టన్ మా కార్టన్ కాదు పొమ్మంటారు.

ఇవాళ జరిగింది అదే. విమల ఫైలును తెరిచి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. మొదటి ట్యాగు మీద కొనేవాళ్ళ నేమ్‌స్పేస్ దర్జాగా ఉంది. దాని కింద ఉన్న కార్టన్ ప్రతిదాని మీదా ఇంటిపేరు రాసే చోట ఎక్స్ఎంఎల్ఎన్ఎస్ అని, ఈక్వల్ టు అని, పక్కపక్కనే కొటేషన్ గుర్తులు, వాటి నడుమ ఏమీ లేదు. ఒక కార్టన్, ఖాళీ గుర్తులు. ఇంకో కార్టన్, ఖాళీ గుర్తులు. తెర కిందికి జరుపుతున్నకొద్దీ అవే. రాహుల్ కుర్చీ జరుపుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. మంచి పిల్లాడు, పెళ్ళయి ఏడాది కాలేదు, ఆమె సెలవులో ఉన్నప్పుడు ఈ పనంతా నెత్తినేసుకున్నాడు. కొనేవాళ్ళు కొత్త నేమ్‌స్పేస్ పంపిందీ, దాన్ని స్టైల్‌షీట్లో ఎక్కించిందీ అప్పుడే. "మేడం, నేను మీద పెట్టిన గద," అన్నాడు. "మీద పెడితె కిందికి దానంతటదే పోతదనుకున్న." విమల అతని మీద కోప్పడడానికి నిజంగానే ప్రయత్నించింది. కుదరలేదు. మన దిక్కున ఎవరైనా అలాగే అనుకుంటారు. పెళ్ళికార్డు మీద ఇంటి పెద్ద పేరు ఒక్కటి రాస్తే చాలు, కోడళ్ళూ మనుమళ్ళూ బావమరుదులూ అందరికీ చెప్పినట్టే, ఇల్లంతా తాళం వేసి వస్తారు. స్టైల్‌షీట్‌కి ఈ మర్యాదలేవీ తెలియవు. అందులో ఒక్కో ట్యాగుకు ఒక్కో మూస ఉంటుంది. ట్యాగును ఏ మూసలో రాశామో అక్కడ ఏ ఇంటిపేరు చెల్లుతుందో అదే దానికి వస్తుంది. తయారయ్యాక ఎవరి ఒళ్ళో పోయి పడింది అనేది లెక్కలోకి రాదు. రాహుల్ పెద్ద ట్యాగు మూసలో మాత్రమే పేరు చెప్పాడు. కార్టన్ల మూసలో ఎవరూ ఏమీ చెప్పలేదు. అవి పేరు లేకుండా పుట్టాయి, పేరున్న దాని ఒళ్ళో పడ్డాయి.

అలాంటప్పుడు యంత్రం ఊరుకోదు, అదే దాని గుణం. పైవాళ్ళ ఇంటిపేరే వీటిదీ అయితే ఏమీ రాయదు, చెప్పనక్కరలేదు గనుక. కాకపోతే మాత్రం ఈ కార్టన్ వీళ్ళది కాదు, ఎవరిదీ కాదు అని పని గట్టుకుని ఖాళీని రాసి చూపిస్తుంది. ఎవలు పండలే అందుల. నిన్న రాత్రి వంటింట్లో అత్తమ్మ సునంద కాశీనాథ్‌తో అంటున్న మాట అది. "ఎవలడిగినా కొత్తదే అని చెప్పు. ఎవలు పండలే అందుల. ఎవలది కాదు అది." అబద్ధం కూడా కాదు. తొట్టెను విమల వాళ్ళన్న ఆమెకు ఎనిమిదో నెలలోనే తెచ్చాడు, మంచి టేకు దొరికిందని సంబరంగా తెచ్చాడు. కడుపుల బిడ్డ కడుపుల ఉండంగనే తొట్టెల తెస్తరా ఎవలన్న, అని సునంద ఆయన ముందే మొత్తుకుని, కవరు కూడా విప్పనీయకుండా పెసర మూటల వెనక పెట్టించింది. ఆ తర్వాత జరిగింది జరిగాక, తొట్టె ముందే తెచ్చినందుకే ఇలా అయిందని ఇంట్లో ఎవరూ అనలేదు. అననక్కర లేకుండానే అందరికీ వినబడింది. అన్న మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

అత్తమ్మను అనడానికి కూడా లేదు. త్రివేణికి తొలి కాన్పు, న్యాయంగా పుట్టింట్లో జరగాలి. ఉద్యోగం కోసం విమల కూడా కాన్పుకు ఇక్కడే ఉంటానంది, ఇద్దరూ కొద్ది వారాల తేడాతో కడుపుతో ఉన్నారు, సునంద రెండు బాలింత మంచాలు వేసేందుకు ముందు గదిలోంచి బియ్యం డ్రమ్ములు కూడా జరిపించింది. విమలకు అలా అయ్యాక అమీన్‌పూర్‌లోని త్రివేణి అత్తవారు, ఇక్కడైతే ఆసుపత్రి దగ్గర కదమ్మా, అని ఎంతో మర్యాదగా చెప్పి కోడల్ని అక్కడే ఉంచేసుకున్నారు. ఏ ఇంటికి పంపడం లేదో, ఎందుకు పంపడం లేదో సునందకు అర్థమైంది. ఫోన్ పెట్టేసి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ కూర్చుంది. డ్రమ్ములు తిరిగి ముందు గదిలోకి వచ్చాయి. ఇప్పుడు పుట్టింటి తొట్టె కూడా పోకపోతే ఆమె ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? విమలకు అత్తగారి మీద జాలి కలగాలి. అదీ ఎక్కడో గాజుపలక అవతల ఉన్నట్టుంది.

పేరేమన్న అనుకున్నవా అమ్మా, అని ఆ రోజు ఆసుపత్రిలో అడిగింది నర్సు దయావతి. అప్పటికి పాప కాలికి ఒక పట్టీ కట్టారు, దాని మీద విమల పాప అని మాత్రం ఉంది. కడుపులోనే ఊపిరి ఆగిపోయిన బిడ్డకు జుట్టు మాత్రం దట్టంగా ఉంది, గోళ్ళు కూడా ఉన్నాయి, ఒక చెవి కొంచెం మడత పడి ఉంది. "చెప్తే ఆ పేరు మీద చిన్న ప్రార్థన చేస్త," అంది దయావతి. "మీరు మా చర్చి సంఘపోళ్ళు కారని తెలుసు. ఊరికెనే." తలుపు దగ్గర నిలబడ్డ సునంద వచ్చి విమల దుప్పటి సరిచేస్తూ అంది, "ఒద్దు సిస్టర్. పేరు వెడితె ఆ పానం ఇల్లు ఇడువది. ఇంటి చుట్టే తిరుగుతది." కటువుగా అనలేదు, భయపడుతూ అంది. ఒద్దు, అంది విమల కూడా. పేరు లేక కాదు. ఆరో నెల నుంచీ ఒక పేరు లోపల ఉంది, బస్సులో కళ్ళు మూసుకుని ఆ పేరుతో పిలిచి చూసేది, బడికి ఆలస్యమవుతుంది లే అని, జుట్టు దువ్వుకో రా అని. ముందే బయటికి అనకూడదంటారు కనుక కాశీనాథ్‌కు కూడా చెప్పలేదు. పాపను కాశీనాథ్ కొత్త తువ్వాలలో చుట్టుకుని తీసుకుపోయాడు. తిరిగొచ్చి ఆసుపత్రి బయట నల్లా కింద కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగుతవా అని అడిగాడు. ఎక్కడ పెట్టి వచ్చాడో ఆమె ఇంతవరకు అడగలేదు.

ఆ తర్వాత పాలు పడ్డాయి. దేహానికి కబురందలేదు. రవికె తడిసి, రొమ్ములు రాళ్ళయి, పొద్దస్తమానం పక్కింటి పిల్ల ఏడ్చినా జివ్వుమనేది. పాలు ఆపే మాత్రలు రాసింది డాక్టరమ్మ. కాశీనాథ్ తెచ్చిన స్ట్రిప్పును విమల అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి చూసింది. తమ ఫ్యాక్టరీదే. బ్యాచ్ నంబరు చదివి, సముద్రం దాటే ఇదే మందు ఫైళ్ళు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదే అని గుర్తు తెచ్చుకుని, మాత్ర వేసుకుని నీళ్ళు తాగింది. గుండె నిబ్బరం గల పిల్ల అన్నారు చూడవచ్చినవాళ్ళు. నిబ్బరమేమిటో ఆమెకు తెలియదు. ఏడుపు వస్తుందేమో అని చాలారోజులు ఎదురుచూసింది, ఇంటికి రావలసిన చుట్టం కోసం చూసినట్టే చూసింది. రాకపోయేసరికి ఇంట్లో కూర్చుని చేసేదేముందని బస్సెక్కింది.

"మేడం, ఒక ఐడియా," అన్నాడు రాహుల్. "ఫైల్ నోట్‌ప్యాడ్ల తెరిచి ఫైండ్ రీప్లేస్ కొడితె ఖాళీయన్ని ఒక్కసారి మాయమైతయి. ఎవలకు తెల్వది." విమల తల అడ్డంగా ఊపింది. మందుల ఫ్యాక్టరీలో, ఒకసారి పుట్టిన ఫైలును చేత్తో ముట్టుకోకూడదు, అది మొదటి నియమం, అతనికీ తెలుసు. తుడిచేసినంత మాత్రాన అయిపోదు, రేపటి ఫైల్లో మళ్ళీ వస్తాయి. పుట్టేచోట సరిచేయాలి. స్టైల్‌షీట్ తెరిచి, పెద్ద ట్యాగు మీద రాహుల్ తగిలించిన పేరును అక్కడ కోసి, అన్ని మూసలకూ పైన, స్టైల్‌షీట్ మొదటి వరుసలో అతికించింది. ఇప్పుడు ఏ మూసలో ఏది పుట్టినా ఆ పేరు నీడలోనే పుడుతుంది. ప్యాకింగ్ యంత్రం సొంత ఇంటిపేరు బయటికి పొక్కకుండా ఆపే మాట ఒకటి పాతదే ఉందో లేదో చూసుకుంది, ఉంది. మళ్ళీ నడిపించింది. కార్టన్, కార్టన్, కార్టన్. వాటి మీద ఏ గుర్తులూ లేవు, ఏమీ రాసి లేదు. "పోయినయి మేడం," అన్నాడు రాహుల్ సంతోషంగా. పోలేదు, వచ్చాయి అనుకుంది విమల. ఇప్పుడివి వాళ్ళవి. వాళ్ళవి గనుకనే యంత్రం మాట్లాడడం లేదు.

పంపింది. తెర మీద గుండ్రటి గుర్తు తిరగసాగింది. అది తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప పని లేదు, సముద్రం అవతల ఏదో ఊళ్ళో ఇంకా తెల్లవారుతుంటుంది, అక్కడ ఒక యంత్రం ఈ పెట్టెలను ఒక్కొక్కటే ముట్టుకుని నువ్వెవరిదానివి అని అడుగుతుంటుంది. నర్సన్న వచ్చేసి ఉంటాడు. పెసర మూటలు పక్కకు జరుపుతుంటారు. కవరు మీద దుమ్ము పేరుకుని ఉంటుంది, సునంద తడిగుడ్డతో తుడుస్తుంటుంది, దగ్గుతూ, ఎవరినీ సాయం రానీయకుండా. రేపు అమీన్‌పూర్‌లో ఆ తొట్టెకు పూలు కడతారు, త్రివేణి కొడుకును అందులో వేస్తారు, చెవిలో పేరు చెబుతారు. పిల్లాడు అందులో పడుకుంటే తనకేమైనా బాధా? విమల ఆ చోట నొక్కి చూసుకుంది. లేదు. పండనీ, హాయిగా పండనీ. వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకామె టేకు మీద చెయ్యి రాసి, ఎక్కడిదమ్మా ఇంత మంచి తొట్టె అని అడుగుతుంది. సునంద చెబుతుంది. కొత్తది, ఎవలు పండలే, ఎవలది కాదు. ఇంకొకామె అడిగితే ఇంకోసారి చెబుతుంది. తిరుగుతున్న గుర్తు ఆగిపోయి తెర మీద పచ్చటి గీత వచ్చింది, ఒప్పుకున్నాం అని. రాహుల్ చప్పట్లు కొట్టి, జైపాల్‌కు చెప్పడానికి పరుగెత్తాడు. కాసేపటికి గేటు దగ్గర లారీ హారన్ మోగింది. విమల అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. ఎప్పుడు తీసిందో, ఎవరి నంబరు నొక్కిందో ఆమె చూసుకోలేదు.

"ఎక్కిస్తున్నం," అన్నాడు కాశీనాథ్. వెనక ట్రాలీ ఆటో ఇంజన్ గడగడమంటోంది, ఎవరో ఇటు ఇటు అని అరుస్తున్నారు.

"ఆగుండ్రి జెర."

"ఒద్దా?" గొంతులో తొందర. "ఒద్దంటె దించిస్త విమలా. అమ్మకు నేను చెప్త."

"ఒద్దని కాదు. పోనీ. పిల్లగాడు పండనీ అందుల." ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "కొత్తదని మాత్రం చెప్పకుండ్రి. ఎవలది కాదని చెప్పకుండ్రి."

"మరి ఏమని చెప్పాలె?"

ఇంతకాలం బస్సులో కళ్ళు మూసుకుని అన్న పేరును బయటికి, మనుషులున్న చోట, అనడానికి నోరు కొత్తగా తెరవవలసి వచ్చింది. పెదవులు వణికాయి. అద్దం అవతల ఆడవాళ్ళు టేపు వేయడం ఆపి ఇటే చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో ఆమెకు చెంపల మీద తడి తగిలాకగానీ తెలియలేదు. "రుచితది," అంది. "రుచిత తొట్టెల అని చెప్పుండ్రి."

ఆ పేరు కాశీనాథ్ ఎన్నడూ విని ఉండలేదు. ఎవరని అడగలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. దూరంగా సునంద గొంతు వినబడింది, "ఏందిరా, ఏమంటుంది? పంపొద్దంటుందా?"

"పంపుమంటుంది అమ్మా. రుచిత తొట్టెల అని చెప్పి పంపాల్నట."

"రుచిత ఎవలు?"

"మన పాప."

ఇంజన్ ఒక్కటే గడగడమంటూ ఉంది. విమల రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, కుర్చీలో ముందుకు వంగి, బయట జైపాల్ పిలుస్తున్నా పలకకుండా వింటోంది. అప్పుడు సునంద గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కొడుకుతో కాదు.

"పైలం నర్సన్నా, మెల్లగ వట్టు, గీత వడనీయకు. నా మనుమరాలిది."